డ్రైవరు కంటితో

మా కాలేజీలో కంప్యూటరు గది పక్కన ఇంకో చిన్న గది ఉండేది. అందులో బల్ల మీద ఒక యంత్రం. దాని లోహపు చెయ్యి కలం పట్టుకుని కాగితం మీద అటూ ఇటూ తిరుగుతూ గీతలు గీసేది. దాన్ని ప్లాటరు అంటారు. మనం అంకెలు ఇస్తే అది బొమ్మ ఇస్తుంది. ప్రతి గీతకూ మొదలెక్కడో చివరెక్కడో చెప్పాలి: ఎడమ అంచు నుంచి ఇంత, కింది అంచు నుంచి ఇంత. అంతకు మించి దానికి లోకం తెలియదు.

మొదటి రోజు మేడమ్ దాని చేత ఒక చేపను గీయించారు. ముప్ఫై రెండు గీతలు. చివరి గీతతో తోక మూసుకోగానే కలం పైకి లేచి, తన మూలకు వెళ్ళి ఆగింది. నా పక్కన నిలబడ్డ, సోనారి పేట నుంచి వచ్చే అమ్మాయి నా చెవిలో, "బెంగాలీ మేడమ్ కదా, చేప కాక ఏనుగు వేస్తారా?" అంది. మేడమ్‌కి వినపడింది. "ఏనుగుకు గీతలు ఎక్కువ. అది నువ్వు వెయ్యి" అన్నారు. ఆమె మాతో హిందీలోనే మాట్లాడేవారు, ఆ అమ్మాయీ అంతే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మేడమ్ మాకు లెక్కలు చెప్పే మనిషి. లెక్కల్లోకి రాకముందు కలకత్తాలో బొమ్మలు వేయడం నేర్చుకున్నారట. రెండూ కలిపి, ఆఖరి సంవత్సరం వాళ్ళకు కంప్యూటరుతో బొమ్మలు గీయడం, వాటిని కదిలించడం అనే పేపరు పెట్టించడానికి ఆమె మూడేళ్ళు తిరిగారని తర్వాత తెలిసింది. చేరింది ముగ్గురం: నేను, సోనారి అమ్మాయి, గోడకు కొట్టిన బంతి తప్ప మరేదీ వెయ్యని ఒక అబ్బాయి. ఒకరోజు స్టాఫ్ రూమ్ బయట నిలబడి, లోపలికి వెళ్ళే ధైర్యం చాలక కాళ్ళు మార్చుకుంటూ ఉండగా, మా డిపార్టుమెంటు హెడ్ గారి మాట వినపడింది. "ఏడాది చివర బయటి ఎగ్జామినరు వస్తారు. ఆయనకు చూపించదగ్గది ఒక్కటైనా ఉంటే వచ్చే ఏడు ఉంచుదాం. లేకపోతే ఈ పేపరు ఇంతటితో సరి." మేడమ్ "అలాగే సర్" అన్నారు. బయటికి వచ్చి నన్ను చూసి, నేను విన్నానని తెలిసి కూడా, "నీ సందేహం ఏమిటి?" అని అడిగారు.

ఆమె ఎవరి బొమ్మనూ తప్పు అనేవారు కాదు. పెన్సిలు వెనక వైపు కాగితం మీద ఆనించి, "ఇక్కడ బరువు ఏ కాలి మీద ఉంది?" అనేవారు. తెలియకపోతే లేచి నడవమనేవారు. మేం నడుస్తుంటే ఆమె లెక్క పెట్టేవారు. డస్టరును బల్ల మీంచి పదిసార్లు కిందకు జార్చి, పడే ముందు అది ఎంతసేపు ఆలోచిస్తుందో చూడమన్నారు ఒకసారి. ఆ వాక్యం ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకున్నాను. లైబ్రరీలో అంతకు ముందు ఎన్ని పుస్తకాలు చదివినా, జారే డస్టరు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడిన మనిషి నాకు తగలలేదు.

అందరం ఒక్కొక్క చిన్న సినిమా తియ్యాలి. ప్లాటరు గీసిన కాగితాలను వరసగా ఒక్కొక్కటీ సినిమా కెమెరా కింద పెట్టి ఫోటో తీసి, ఆ రీలును కలకత్తా పంపి కడిగిస్తే, తిప్పినప్పుడు బొమ్మ కదులుతుంది. సెకనుకు ఇరవై నాలుగు ఫోటోలు. కాగితాలు జరగకుండా రెండు రంధ్రాలు కొట్టి రెండు మేకుల మీద కూర్చోబెట్టాలి. ఆ మేకులు మా వర్క్‌షాపు లేతు మీద తయారయ్యాయి. మేడమ్ వాటిని రుమాల్లో చుట్టుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేవారు, నగల్లాగ.

నేను నాన్నను వేద్దామనుకున్నాను. నాన్న టాటానగర్ యార్డులో షంటింగ్ జమేదారు. ఇంజనును పెట్టెల దగ్గరికి రప్పించి, ఆపి, తగిలించడం ఆయన పని. ఇంజను డ్రైవరుతో మాట్లాడేది నోటితో కాదు, చేత్తో. పర్సుడీహ్ దగ్గరున్న మా క్వార్టరు నుంచి స్కూలుకు వెళ్ళే రోజుల్లో ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద ఆగి ఆయన్ని చూసేదాన్ని. అంత పొడవు ఇనుము ఆయన చెయ్యి చూసి కదలడం, ఆగడం. మాట్లాడాల్సి వస్తే గొంతు పూడిపోయే నాకు అంతకన్నా గొప్ప ఉద్యోగం ఉండదనిపించేది.

నా సినిమాలో పట్టాల పక్కన, ఆగి ఉన్న పెట్టె దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఎడమ నుంచి ఇంజను వస్తుంది. మనిషి చెయ్యి ఊపుతాడు. ఇంజను వచ్చి పెట్టెకు తగులుతుంది. నాలుగు సెకన్లు, తొంభై ఆరు కాగితాలు. రెండు వారాలు పట్టింది. సోమవారం ఫోటోలు తియ్యాలి. శనివారం ఆ కట్టను వరస చూసుకోవడానికి ఇంటికి తెచ్చాను.

నాన్న పొద్దుటి డ్యూటీ దిగి అన్నం తిని మంచం మీద కూర్చున్నారు.

"ఏటే ఆ కట్ట? పేకముక్కలేటి?"

"సినిమా" అన్నాను.

"ఏదీ, తే."

ఎడమ చేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో ఎలా వదలాలో చూపించాను. మొదటిసారి పది పది కాగితాలు కలిసి జారాయి. రెండోసారి మనిషి కదిలాడు. నాన్న ఇంకో మూడుసార్లు వదిలారు. మెచ్చుకుంటారని ఎదురు చూస్తున్నాను.

"ఈడెవడు?"

"నువ్వే, నాన్నా."

"నానా? నానైతే ఈపాటికి ఇంజనుకీ పెట్టికీ మద్దిన అప్పడమైపోదును."

నాకు అర్థం కాలేదు. నాన్న కట్ట పక్కన పెట్టి లేచారు. "సూడు. సెయ్యి మీదకీ కిందకీ ఊపితే డ్రైవరుకి ఏటి సెప్పినట్టు? నా దగ్గర్నించి ఎల్లిపో అని. నీ బండేమో నా మీదకొచ్చీత్తంది. రమ్మనాలంటే ఇలగ." మంచానికీ పొయ్యి గట్టుకీ మధ్య నిలబడి చేతిని ఒంటికి అడ్డంగా, ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపారు.

అమ్మ వంట దగ్గర్నుంచి, "ఆ సెయ్యి తగిల్తే పప్పు గిన్ని పట్టాలు తప్పుద్ది. డ్యూటీ అక్కడే దింపీసి రావొచ్చు కదా" అంది.

"లేదు నాన్నా" అన్నాను. నాకు ఏడుపు వస్తోంది. "నేను చూశాను. ఎన్నిసార్లు చూశానో. ఇంజను వచ్చేటప్పుడు నీ చెయ్యి పైకీ కిందకే కదిలేది."

"ఎక్కడ నిల్చుని సూసేవు?"

"బ్రిడ్జి మెట్ల మీంచి."

నాన్న నవ్వారు. "అక్కడ్నించి డ్రైవరు సూడడు కదే తల్లీ." మళ్ళీ కూర్చుని, నా మొహం చూసి, కొంచెం మెత్తబడ్డారు. "ఒగ్గీ. మీ కాలేజీవోల్లకి ఏటి తెలుత్తాది? బొమ్మ మట్టుకు బాగుంది. ఆ నిలబడ్డం నాదే."

నిజమే, ఎవరికీ తెలియదు. హెడ్ గారికి తెలియదు, వచ్చే ఎగ్జామినరుకు తెలియదు. సోమవారం ఫోటోలు తీసేస్తే రీలు వేళకు వెళుతుంది, మేడమ్ పేపరు నిలబడుతుంది. చెబితే అన్నీ మళ్ళీ గీయాలి. ప్లాటరు ఒక్కటే. రీలు ఆ పై శనివారానికి పార్సిలు కాకపోతే పరీక్షకు అందదు. సోనారి అమ్మాయి తన సినిమాకు వేస్తున్న విమానం ఇంకా సగంలో ఉంది. బంతిని చూసి ఎవరూ పేపరు ఉంచరు. చెప్పకపోవడమే మేడమ్‌కి చేసే ఉపకారమని డైరీలో రాసుకుని, ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. అక్షరాలు ఎప్పటికన్నా అందంగా ఉన్నాయి. అది నాకు నచ్చలేదు.

ఆదివారం పొద్దున్న కాసిడీహ్‌లో మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో బస్సులో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. మేడమ్ తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ తలుపు తీశారు. నాలుగు వాక్యాలూ పోయాయి. "మేడమ్, చెయ్యి" అన్నాను. ఇంకేమీ రాక, వాకిట్లోనే నిలబడి నాన్న ఊపినట్టు ఊపాను. తర్వాత కాగితాల్లో ఉన్నట్టు ఊపాను. "ఇది రా. ఇది వెళ్ళిపో. నేను వెళ్ళిపో అని వేశాను."

"మరి అలా ఎందుకు వేశావు?"

"అలాగే కనిపించింది మేడమ్, బ్రిడ్జి మెట్ల మీంచి. పక్కనుంచి."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, జుట్టు ముడి కూడా వేసుకోకుండా డాబా మెట్లెక్కి పరిగెత్తారు. సగంలో ఆగి పిట్టగోడ మీంచి వంగారు. "అటు తిరుగు. ఆ గేటును ఇంజను అనుకో. రమ్మను."

ఊపాను. పక్కింటావిడ బట్టలు ఆరేయడం మానేసి చూస్తోంది. మేడమ్ రెండు మెట్లు దిగారు, మళ్ళీ నాలుగెక్కారు. "మళ్ళీ" అన్నారు. "ఇంకోసారి." వీధిలో పోయే సైకిలాయన నన్ను చూసి, నేను పిలుస్తున్నాననుకుని ఆగాడు. సిగ్గుతో చచ్చిపోతూ ఊపుతూనే ఉన్నాను.

"పైకీ కిందకీ!" పైనుంచి మేడమ్ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

దిగి వచ్చి మెట్టు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. చూసేవాళ్ళ నుంచి దూరంగా పోయేది, ఎత్తులో ఉన్న కంటికి పైకి పోయినట్టు కనిపిస్తుంది. దగ్గరికి వచ్చేది కిందికి దిగినట్టు కనిపిస్తుంది. కాగితానికి ఎడమా కుడీ, పైనా కిందా తప్ప దూరం లేదు. ఇదంతా ఆమె నేల మీద తడి వేలితో గీసి చెప్పారు. ఆపైన అన్న మాట మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీ కన్ను తప్పు చూడలేదు. కన్ను ఎక్కడుందో నువ్వు రాయలేదు."

హెడ్ గారి మాట ఇద్దరికీ తెలుసు.

"మేడమ్, ఎవరికీ తెలియదు. నాన్న కూడా వదిలెయ్యమన్నారు."

"మీ నాన్నగారు చూసి మొదట ఏమన్నారు?"

అప్పడం మాట చెప్పాను. ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "అయితే ఆ మనిషిని తెర మీద పెట్టకూడదు" అన్నారు. అంతే. మూడేళ్ళు తిరిగి తెచ్చుకున్న పేపరును ఆ ఒక్క మాట మీద పణం పెట్టేశారు. నేను ఆమెకు ఉపకారం చేద్దామనుకున్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

తర్వాత లెక్క వేశారు. తొంభై ఆరు కాగితాలకు వ్యవధి లేదు. నలభై ఎనిమిది గీసి, ఒక్కొక్కదాన్ని రెండుసార్లు ఫోటో తీస్తే అదే నాలుగు సెకన్లు; కన్ను మన్నిస్తుంది, సినిమావాళ్ళు చాలామంది అలాగే చేస్తారు. "ఇక కన్నును ఎక్కడ పెడతావు?" అని అడిగారు.

"డ్రైవరు దగ్గర" అన్నాను. నాన్న ఆ మాట నిన్ననే చెప్పేశారు కదా.

అలా సినిమా మారిపోయింది. ఇంజను కనిపించదు. దూరంగా, ఆగి ఉన్న పెట్టె పక్కన చీమంత మనిషి మన వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపుతుంటాడు. మనం దగ్గరవుతున్నకొద్దీ పెద్దవాడవుతాడు. చివర రెండు చేతులూ పైకెత్తుతాడు. ఆగాలి.

ఎంత దూరంలో ఎంత పెద్దగా ఉండాలి? నాన్నను గజాల్లో అడిగితే తెల్లబోయారు. "గజాలేటి? వేగన్లు సెప్పు." యార్డులో దూరాన్ని పెట్టెల పొడవుతో కొలుస్తారట: ఆరు వేగన్లు, నాలుగు, రెండు, ఒకటి, అర. నా లెక్కలో కూడా వేగన్నే కొలత చేసుకున్నాను. ఆరు దగ్గర ఉన్నవాడు మూడు దగ్గర రెండింతలు, ఒకటి దగ్గర ఆరింతలు. మేడమ్ ఆ కాగితం చూసి, "ఇంత చక్కని కొలత ఏ పుస్తకంలోనూ లేదు" అన్నారు. ఇంట్లో ఆ మాట చెప్పాను. ఆ సాయంత్రం నాన్న అడక్కుండానే వచ్చి, "అర వేగను కాడ బండి నడవదు, పాకుతాది. అది రాసుకున్నావా?" అన్నారు. రాసుకోలేదు. రాసుకున్నాను.

బుధవారం వాన పట్టుకుంది. కాగితాలు చెమ్మగిలి కలం కొన్నిచోట్ల గీయకుండా దాటేసి పోతోంది. పదకొండో బొమ్మలో మనిషికి మోచెయ్యి లేదు, పన్నెండులో మెడ లేదు. మేడమ్ అల్మరాలో బల్బు వెలిగించి కాగితాలను దాని పక్కన ఆరబెట్టి, ఒక్కొక్కటీ అరచేతుల మీద తెచ్చి ఇచ్చారు. క్లాసు మధ్యలో వచ్చి, మళ్ళీ క్లాసుకు పరిగెత్తేవారు. గురువారానికి ఇరవై ఆరే అయ్యాయి. ఆ మధ్యాహ్నం, మర్నాటి మధ్యాహ్నం ప్లాటరు సోనారి అమ్మాయిది. అడగాలి. అడగడానికి ఆమె పక్కన పది నిమిషాలు నిలబడ్డాను.

"ఏం మౌనీ బాబా, గీత కావాలా, నోరు కావాలా?" అంది తల ఎత్తకుండా.

"నీ టైము..."

"నా విమానం దిగిపోయింది. రన్‌వే నీదే." తర్వాత తెలిసింది, దిగలేదు. ముప్ఫై కాగితాలు తగ్గించి గాల్లోనే ఆపేసింది.

శుక్రవారం ఐదింటికి నలభై ఎనిమిదోది అయింది. ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఈసారి బొటనవేలు అలవాటైనట్టే వదిలారు. మనిషి చెయ్యి అడ్డంగా ఊపుతూ పెద్దవాడై, పేజీ నిండా అయి, రెండు చేతులూ ఎత్తాడు. నాన్న ఎడమ పాదం నేలను గట్టిగా నొక్కింది.

"ఆగుద్ది" అన్నారు.

అమ్మ తొంగి చూసి, "ఆ మూతి మాత్రం మీదే. ఇంటికొచ్చినా అలగే ఉంటాది" అంది. నేను మూతి వెయ్యలేదు. ఆ సంగతి చెప్పలేదు.

శనివారం ఫోటోలు తీసి రీలు పంపాం. అది తిరిగి వచ్చింది పరీక్ష ముందు రోజు. వెలుతురు చాలిందో లేదో, మేకులు కదిలాయో లేదో చూసుకునే వ్యవధి కూడా లేదు. మర్నాడు కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద తెల్ల చార్టు అంటించారు. హెడ్ గారు, ఎగ్జామినరు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. బంతి గోడకు కొట్టుకుని తిరిగి వచ్చింది. విమానం గాల్లో ఉండగానే అయిపోయింది. హెడ్ గారు గడియారం చూసుకున్నారు. తర్వాత నాది.

గీతలు కొంచెం వణికాయి. కానీ మనిషి వచ్చాడు. అంత పెద్ద గోడ మీద, కాగితంలో ఎప్పుడూ కనిపించనంత నెమ్మదిగా, నమ్మకంగా, చెయ్యి ఊపుతూ. నాలుగు సెకన్లే. చేతులు ఎత్తగానే ఎగ్జామినరు కుర్చీ వెనక్కు జరిగిన చప్పుడైంది.

"మళ్ళీ వెయ్యండి" అన్నారాయన.

మళ్ళీ వేశారు. హెడ్ గారు, "ఏడాదికి నాలుగు సెకన్లా?" అన్నారు. ఎగ్జామినరు ఆ మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగారు. "ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"ఇంజను డ్రైవరుతో" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"డ్రైవరు ఎక్కడున్నాడు మరి? నాకు కనపడలేదే."

మేడమ్ ప్రొజెక్టరు దగ్గర నిలబడి ఉన్నారు. నాకు బదులుగా చెబుతారని చూశాను. ఆమె నా వైపు చూడలేదు, కావాలనే. ఈసారి జవాబు నాలుగు వాక్యాలు కాదు, రెండే మాటలు.

"మీరే, సర్."

ఎగ్జామినరు కుర్చీ ఎక్కడికి జరిగిందో కిందికి చూసుకుని, నవ్వారు. హెడ్ గారికి ముందు అర్థం కాలేదు. ఎగ్జామినరు వివరించాక అర్థమై, "ఇంకోసారి వెయ్యండి" అని తనే అడిగారు. మూడోసారి అయ్యాక దుప్పట్లు తీయించి, "వచ్చే ఏడు ఎంతమందిని తీసుకోగలరు?" అన్నారు మేడమ్‌తో, ఏదో రోజువారీ సంగతి అడిగినట్టు.

"మిషను ఒక్కటే సర్. ఆరుగురు."

"సరే, ఆరుగురు."

వాళ్ళు వెళ్ళాక మేడమ్ రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టారు. రెండు చుట్లు తిరిగి ఫిల్ము జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. అప్పుడు చూశాను, ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. కాసిడీహ్ మెట్ల మీద కూర్చుని ఆ మనిషిని తెర మీద పెట్టకూడదని అన్నప్పుడు కూడా ఇలాగే వణికి ఉంటాయేమో. తడి వేలితో గీస్తున్నారు కదా, నేను నేల మీద గీతలనే చూశాను.

"నువ్వు చుట్టు" అన్నారు.

నేను చుట్టాను. ఆమె కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, అది పూర్తయ్యేదాకా రీలు తిరిగే చప్పుడు వింటూ ఉన్నారు.